పెద్దసారు కోపం, మా గంట లెక్క

ఆ రోజుల్లో మనుషులకు మూడ్ అనేది ఉండేది కాదు. మూడంటే మాకు రెండు తర్వాత వచ్చే అంకె, అంతే. కోపం ఉండేది, సంతోషం ఉండేది, ఒకటి పోయి ఇంకొకటి ఎందుకొచ్చిందని ఎవరైనా అడిగితే ఆ అడిగినందుకే మళ్ళీ కోపం వచ్చేది. పొద్దున నవ్వుతూ పలకరించిన మనిషి మధ్యాహ్నానికి కస్సుమంటే, 'ఎవరి మొగం చూసి లేచినాడో' అని ఒకరు, 'ఆయప్పకు శని నడుస్తాంది' అని ఇంకొకరు తీర్పు చెప్పి తమ పని తాము చూసుకునేవాళ్ళు. ఇప్పుడు మా మనవరాలు 'తాతా, నాకు మూడ్ బాగాలేదు' అని గది తలుపు వేసుకుంటే, ఇంటిల్లిపాదీ ఆ తలుపు బయట నిలబడి కారణాలు వెతుకుతారు. పరీక్షా, స్నేహితురాలా, ఫోనా, అన్నం తినకపోవడమా అని. నేను మాత్రం కొంచెం దూరంగా కూర్చుంటాను. అలా ఒకరి తలుపు బయట నిలబడి పదిహేను రోజులు కారణాలు వెతికిన అనుభవం నాకుంది. ఆ పదిహేను రోజుల్లో నా బతుకు ఇటు జమ్మలమడుగు బడికీ అటు పులివెందుల నూనె మిల్లుకూ మధ్య వేలాడింది. దాన్ని వేలాడదీసింది ఎవరో తెలిసిన రోజు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. (ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అందుకే రాస్తున్నాను.)

అప్పటికి కర్నూలే రాజధాని. నాకు ఇరవై రెండేళ్ళు. పులివెందులలో పుట్టి పెరిగి, ఎలాగో బి.ఏ. గట్టెక్కి, జమ్మలమడుగులో ఒక హైస్కూల్లో ఏడాదికని చేరాను. ట్రైనింగు లేని అయ్యవారిని కాబట్టి నా ఉద్యోగం టెంపరరీ. ఆ ఏడాది ముగిసేలోగా ట్రైనింగు కాలేజీకి దరఖాస్తు పెట్టుకుని, దాని మీద హెడ్మాస్టరు తన చేత్తో సిఫార్సు రాసి కడపకు పంపితే సరి, సీటొస్తుంది, తిరిగొచ్చాక ఉద్యోగమూ నిలుస్తుంది. లేకపోతే వేసవి సెలవులతో పాటు నాకూ శాశ్వతంగా సెలవే. అప్పుడు మా నాయన ముందే అనుకున్నట్టు మా మేనమామ గారి చెనక్కాయల నూనె మిల్లులో గానుగ చప్పుడు వింటూ కూర్చోవాలి. మిల్లు మీద నాకు ద్వేషమేమీ లేదు. కానీ ఆ ఏడాది పిల్లల ముందు నిలబడి పటంలో గోదావరిని చూపిస్తున్నప్పుడు, పెన్న తప్ప ఇంకో నదిని చూడని ముప్ఫై జతల కళ్ళు నా వేలి వెంట సముద్రం దాకా వచ్చేవి. ఆ రుచి మరిగాక చెనక్కాయల రుచి ఎక్కుతుందా? నాకు వండి పెట్టడానికి మా అవ్వ కూడా నాతో వచ్చి ఒక గది ఇంట్లో ఉండేది. ఇంటి పైకప్పు నాపరాళ్ళది. మధ్యాహ్నం అయ్యేసరికి పైన రాయి కాలేది, కింద మేము కాలేవాళ్ళం.

మా హెడ్మాస్టరును అందరూ పెద్దసారు అనేవాళ్ళం. ఆయనది ప్రొద్దుటూరు. రోజూ బస్సులో వచ్చి బస్సులో పోయేవాడు. పొట్టి మనిషి, గుండ్రటి ముఖం, ఎండాకాలంలో కూడా విప్పని నల్ల కోటు. ఆయన గుణం ఎలాంటిదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఒకసారి ఫోర్తు ఫారం పిల్లవాడొకడు పరీక్షలో పెన్ను కారి ఏడుస్తుంటే, పెద్దసారు తన సొంత పెన్ను, అదీ బంగారు పాళీ పెన్ను, జేబులోంచి తీసి వాడికిచ్చి తల నిమిరి పోయాడు. మాకందరికీ కళ్ళు చెమర్చాయి. గంట గడవకముందే అదే పిల్లవాడి చొక్కా మీద సిరా మరకలు చూసి, 'ఇది చొక్కానా, మసిగుడ్డనా' అని వాడిని బోరింగు దగ్గరికి తోలుకుపోయి చొక్కా ఉతికించాడు. కారిన పెన్నే కదా ఆ మరకలు చేసింది అని చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. నా ఉద్యోగం టెంపరరీ, ఆయనది టెంపరు, రెండూ ఎప్పుడు పోతాయో ఎవరికీ తెలియదు.

ఈ చంచలత్వానికి కారణమేమిటని స్టాఫ్ రూములో ఎన్ని సిద్ధాంతాలో. బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే చల్లగా ఉంటాడని డ్రిల్లు మాస్టరు. ప్రొద్దుటూరులో ఇంట్లో గొడవ పడి వస్తాడని ఇంకొకరు (ఆ చెప్పినాయన ఇంట్లో రోజూ గొడవే గనక లోకమంతా అలాగే అనుకునేవాడు). పై పన్ను పుచ్చిందని సైన్సు అయ్యవారు. ఇవన్నీ విని చిరునవ్వు నవ్వేవాడు మా లెక్కల మామ. లెక్కలు చెప్పే ఆ పెద్దమనిషిని ఆ ఊళ్ళో పిల్లలూ పెద్దలూ మామా అనే పిలిచేవాళ్ళు. రుమాల్లో మూటగట్టిన బొరుగులు నములుతూ, ప్రపంచంలో లెక్కకు అందనిది ఏదీ లేదని ఆయన చెప్పేవాడు. పెద్దసారు కోపాన్ని కూడా ఆయన లెక్కగట్టాడు. ఆ లెక్కకు ఆధారం మా బడి గంట.

మా బడి గంటంటే గంట కాదు, వేపకొమ్మకు గొలుసుతో వేలాడదీసిన రైలు పట్టా ముక్క. దాన్ని ఒక ఇనుప కడ్డీతో కొట్టేది మా అటెండరు. అరవై దాటిన సాయిబు, తెల్లటి గడ్డం, మెత్తటి మనిషి. ఆయన పేరు పిల్లలకే కాదు మాకూ గుర్తుండేది కాదు, గంట తాత అనేవాళ్ళం. రోజూ పెద్దసారు గది తాళం తీసి, నీళ్ళు పెట్టి, ఆయన లోపలికి వచ్చాక బయటికొచ్చి మొదటి గంట కొట్టడం తాత పని. లెక్కల మామ వాదన ఏమిటంటే, పొద్దున పెద్దసారు ముఖం మొదట చూసేది గంట తాత. ఆయన మనసులో ఏముందో తాతకు తెలుస్తుంది, తాతకు తెలిసింది తాత చేతికి తెలుస్తుంది, చేతికి తెలిసింది పట్టాకు తెలుస్తుంది. గంట 'టంగు, టంగు' మని తేటగా మోగితే ఆ రోజు పెద్దసారు వెన్న. అలా కాక ఏదో బద్ధకంగా, ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా, మధ్యలో ఊపిరి ఆడనట్టు మోగితే ఆ రోజు ఆయన నిప్పు. సెలవు చీటీ ఇవ్వకూడదు, జీతం మాట ఎత్తకూడదు, వరండాలో నిలబడకూడదు. 'నాలుగేండ్ల నుంచి చూస్తాండా అప్పా, ఎప్పుడో ఒకసారి తప్ప తప్పింది లేదు' అనేవాడు మామ. నేను నమ్మలేదు. ఒక నెల గమనించాను. నమ్మాను. బద్ధకపు గంట మోగిన ప్రతి రోజూ, పదిన్నరకల్లా పెద్దసారు గది నుంచి కేక వినిపించేది. శాస్త్రమంటే అలాగే ఉండాలి. (ట్రైనింగు కోసం చివరికి ట్రైను పట్టాను నమ్ముకోవలసి వచ్చిందని ఆనక నాలో నేనే నవ్వుకున్నాను. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు.)

దరఖాస్తుల సర్క్యులరు వచ్చింది. పదిహేను రోజుల గడువు. ఆ రోజే నీటుగా దరఖాస్తు రాసి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాను. మరునాడు గంట మోగింది. ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా. సరే, రేపు చూద్దామనుకున్నాను. రేపూ అలాగే మోగింది. ఎల్లుండీ అంతే. నాలుగో రోజు పట్టా అసలు మోగిందా లేక గాలికి కదిలిందా అన్నట్టు వినిపించింది. స్టాఫ్ రూములో ముఖాలన్నీ వాడిపోయాయి. మామ బొరుగుల మూట ముడి కూడా విప్పలేదు. నేను రోజుకు రెండుసార్లు పెద్దసారు గది వాకిలి దాకా పోయేవాడిని. సగం మూసిన తలుపు సందులోంచి లోపలికి తొంగిచూస్తే వంచిన తల, కదులుతున్న కలం కనిపించేవి. ఆయన తల ఎత్తేలోపల వెనక్కి వచ్చేసేవాడిని. జేబులోని దరఖాస్తు చెమటకు తడిసి, మడతల దగ్గర చినిగి, నా పేరులో సగం అక్షరాలు కలిసిపోయాయి. మళ్ళీ రాశాను. అది కూడా తడిసింది. మూడోసారి రాసిన దాన్ని పాత క్యాలెండరు కాగితంలో చుట్టి పెట్టుకున్నాను.

ఆరో రోజు గంట మోగింది చూడండి, 'టంగు, టంగు, టంగు' మని, పెన్న అవతల ఒడ్డుకు వినిపించేలా. నా గుండె అంతకంటే గట్టిగా మోగింది. జుట్టు సరిచేసుకుని గబగబా పోయాను. గదికి తాళం. పెద్దసారు ఆ రోజు కడపకు పోయాడట. ఉసూరుమంటూ తిరిగొచ్చి, మామా, సారు రాకుండానే గంట బాగా మోగింది, మరి మీ లెక్క ఏమైందని అడిగాను. మామ ఒక్క క్షణం ఆలోచించి, 'సారు లేడు గదప్పా, అందుకే బాగా మోగింది' అన్నాడు. ఆ జవాబు విని తృప్తిగా తలూపిన బి.ఏ. పట్టభద్రుడిని నేనే. మరునాటి నుంచి గంట మళ్ళీ పాత పద్ధతే.

రెండో వారానికి నేను మనిషిలా లేను. సెకండు ఫారంలో ఒక పిల్లవాడు గోదావరి ఎక్కడ పుడుతుందో చెప్పలేకపోతే, వాడి తాతముత్తాతల దాకా పోయి అరిచాను. మరునాడు ఆ తరగతి పిల్లలు నేను లోపలికి రాగానే నా వైపు చూసి, ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని తలలు దించుకున్నారు. దాంతో ఇంకా మండింది. ఇంట్లో అవ్వ చేసిన సంగటి గట్టిగా ఉందని ఒక రోజు, మెత్తగా ఉందని ఒక రోజు విసుక్కున్నాను. అవ్వ ఎదురు చెప్పే రకం కాదు, ప్రశ్నించే రకం.

'మీ సారుకు కోపం, సరే. నీకేమొచ్చిందిరా అబ్బీ?' అంది ఒక రోజు.

నాకు కోపమెక్కడిది అని గట్టిగా అరిచాను. అవ్వ తట్టలోకి ఇంకో ముద్ద సంగటి వేసింది. ఆమెకు తెలిసిన వైద్యం అదొక్కటే.

చివరి రోజు వచ్చింది. ఆ సాయంత్రం తపాలాలో దరఖాస్తు పోకపోతే ఇక అంతే. ఆ ఉదయం గంట మోగిన తీరు నేను జన్మలో మరువను. ఒక దెబ్బ, అర దెబ్బ. మిగతాది తాత మనసులోనే కొట్టుకున్నట్టున్నాడు. స్టాఫ్ రూములో మామ నా చెయ్యి పట్టుకుని, ఈ పొద్దు మాత్రం వద్దప్పా, రేపు చూడు అన్నాడు. రేపటికి గడువు దాటిపోతుంది గదా మామా అన్నాను. 'అదీ నిజమే' అని ఒప్పుకుని, చెయ్యి వదిలేసి, కిటికీ వైపు తిరిగాడు. నేను మూడో పీరియడు దాకా ఆగాను. ఆనక, మిల్లులో నూనె వాసన వంటికి పట్టినట్టే అనిపించి, లేచి వెళ్ళి తలుపు తోశాను.

పెద్దసారు తల ఎత్తాడు. నేను క్యాలెండరు కాగితం విప్పి దరఖాస్తు ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, కలం కింద పెట్టాడు.

'ఇప్పుడొచ్చినావా?' అన్నాడు.

నేను దరఖాస్తు మడతలు వేలితో సాపు చేశాను.

'పదహైదు దినాల నుంచి చూస్తాండా. వాకిట్లోకొస్తావు, తొంగి చూస్తావు, నేను తల ఎత్తేలోపల ఉండవు. మొన్న నీకోసరమే లేచి బయటికొస్తే వరండాలో ఉన్నోళ్ళంతా చెదిరిపోయిరి, కోళ్ళలోకి పిల్లి దూరినట్ల. ఏందప్పా, నాకేమన్నా అంటురోగమా?'

లేదు సార్ అన్నాను. అంతకంటే అందమైన జవాబు నాకు తట్టలేదు.

ఆయన సొరుగు లాగి ఒక కాగితం తీసి నా ముందుకు తోశాడు. నా పేరు మీద సిఫార్సు. గుండ్రటి అక్షరాలతో, పేజీ నిండా. పాఠం చెప్పే తీరు గురించి, పటాలు గీసే తీరు గురించి, నన్ను నేనే గుర్తుపట్టలేనంత మంచిగా రాశాడు. కింద తేదీ చూస్తే పది రోజుల కిందటిది.

'కడపకు పోయింది యాలనుకుంటివి? నీ మాట చెప్పేదానికే పోతి. వచ్చి చూస్తే నువ్వు దరఖాస్తే ఇయ్యవు. ఈయప్పకు బడి మీద మనసు లేదు, ఊరికి పోదామనుకుంటాండాడు గాబోలు అనుకుంటి. మధ్యాహ్నం దాంక చూసి చించేద్దామనే సొరుగులో పైన పెట్టినా.'

నేను కూర్చోమనకుండానే కూర్చున్నాను. ఆయన దానికీ కోప్పడలేదు. దరఖాస్తు మీద సంతకం చేసి, రెండూ కలిపి కవరులో పెట్టి, అంటిస్తూ, నా వైపు చూడకుండా మాట్లాడాడు. కోపిష్టి మనిషి తన కోపం గురించి మాట్లాడితే ఎంత చిన్నగా వినిపిస్తాడో అప్పుడే తెలిసింది.

'నాకు కోపమొస్తాది, కాదనను. బస్సు దిగి నవ్వుకుంటానే వస్తా. గంట కొట్టినాక ఒక సుట్టు బడి చూసొద్దామని బయటికొస్తే, పదిమంది నా మొగం పక్క చూస్తారు, వానొస్తాదా రాదా అని పైకి చూసినట్ల. ఆ చూపు చూస్తానే లోపల ఏందో కుతకుతమంటాది. కొన్ని దినాలు ఎవురూ అట్ల చూడరు. ఆ దినాలు నాకూ శానా బాగుంటాది. ఈ మర్మం నాకు అంతుపట్టల్యా. నీకేమన్నా తెలుసునా?'

తెలుసు. గొంతు దాకా వచ్చింది. గంట సంగతి, మామ లెక్క సంగతి, అన్నీ. కానీ ఆ మాట చెబితే, బడిలో పెద్దవాళ్ళందరం కలిసి ఒక మనిషిని నాలుగేళ్ళుగా వాతావరణంలా చూశామని చెప్పడమే కదా. నేను తెలియదు సార్ అన్నాను. ఆయన నిట్టూర్చి కవరు నా చేతికిచ్చి, నువ్వే పోయి తపాలాలో వెయ్యి, మల్లా ఆడ గూడా వాకిలి దాంక పోయి తిరిగొచ్చేవు అన్నాడు. అది హాస్యమని నాకు పోస్టాఫీసు దగ్గరికి పోయాక గానీ తట్టలేదు.

తపాలా వేసి తిరిగొచ్చేసరికి గంట తాత వేపచెట్టు కింద కూర్చుని కుడి భుజం ఒత్తుకుంటున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. పెద్దసారుకు కోపమున్న రోజు నీకెట్లా తెలుస్తుంది తాతా అని అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

'నాకెట్ల తెలుస్తాది నాయనా? గంట కొట్టొచ్చి మీ మొగాలు చూస్తా. మీరంతా మాడిపోయింటే, ఓహో, ఈ పొద్దు సారుకు కోపమొచ్చిండాదిలే అని నేను గూడా దూరంగా ఉంటా.'

మరి గంట ఎందుకట్లా కొడతావు, ఒకసారి పెద్దగా ఒకసారి చిన్నగా, అన్నాను. దానికి తాత సిగ్గుపడ్డాడు. ఆయన ఇంట్లో ఒక ఎనుము (గేదె) ఉందట. అది పాలు బాగా చేపిన రోజు పొద్దున్నే ఇంత టీ కడుపులో పడుతుంది. టీ పడితేనే ఆ వయసులో ఆ చెయ్యి పైకి లేస్తుంది. పాలు తక్కువైన రోజు ఉన్నవి మనవళ్ళకు పోసి తాను ఊరకే వస్తాడు. హోటలు టీ ఆయనకు పడదు. ఈ పదిహేను రోజులుగా ఎనుము దాదాపు వట్టిపోయింది. నడుమ ఒక్క రోజు మాత్రం కోడలి పుట్టింటి నుంచి చెంబెడు పాలొచ్చాయట. ఏ రోజని అడగవలసిన అవసరం నాకు లేకపోయింది. 'సారుతో చెప్పొద్దు నాయనా, ముసలోడు గంట గూడా కొట్టలేడని ఇంటికి పంపిస్తారు' అన్నాడు తాత. ఆయన బాధ ఆయనది.

అప్పుడు అక్కడ కూర్చుని నేను లెక్క వేశాను, మామ లెక్క కాదు, నా లెక్క. ఒక ఎనుము పాలివ్వలేదు. తాతకు టీ లేదు. చెయ్యి లేవలేదు. గంట సరిగా మోగలేదు. మేము ముఖాలు మాడ్చుకున్నాము. మా ముఖాలు చూసి పెద్దసారుకు మండింది. ఆయన కేక విని మాకు ఇంకా భయం. ఆ భయంతో నేను పోయి సెకండు ఫారంలో అరిచాను, ఇంట్లో అవ్వ మీద విసుక్కున్నాను. ఆ గోదావరి పిల్లవాడు ఇంటికి పోయి ఎవరి మీద విసుక్కున్నాడో, వాళ్ళు ఇంకెవరి మీద విసుక్కున్నారో! మేమంతా గ్రహాలను, భార్యలను, పుచ్చిన పళ్ళను అనుమానించాము గానీ, సందులో గడ్డి నెమరేస్తున్న ఆ మూగజీవాన్ని ఎవరూ అడగలేదు. ఇంకా విచిత్రం, మామ లెక్క అబద్ధం కాదు. గంట బాగా మోగని రోజు పెద్దసారుకు నిజంగానే కోపం వచ్చేది. కాకపోతే దాన్ని తెచ్చింది మేము. కోపం ఎక్కడి నుంచి వచ్చిందో వెతికేవాడు తన ముఖాన్ని తప్ప అన్నిటినీ వెతుకుతాడు, తన ముఖం తనకు కనిపించదు గనక.

ఈ సంగతి మామకు చెప్పాను. ఆయన బొరుగులు నములుతూ విన్నాడు. నాలుగేళ్ళ శాస్త్రం కూలిపోయిందని బాధపడతాడనుకున్నాను. చివరికి ఆయన, 'అయితే మనం గంటదాంక ఆగే పనిల్యా. పొద్దున్నే పోయి ఎనుమును చూసొస్తే చాలు' అన్నాడు. మరునాడు నిజంగానే తాత ఇంటి సందులోంచి చుట్టు తిరిగి బడికొచ్చాడు.

నేను చేసింది వేరు. ఇంటికి పోయి అవ్వతో, రేపటి నుంచి పొద్దున్నే ఒక గ్లాసు టీ ఎక్కువ పెట్టు, గంట తాతకు ఇచ్చి పోతాను అన్నాను. ఎందుకని అడిగింది. చెప్పాను. అవ్వ నోరు తెరుచుకుని విన్నది.

'ఆ సాయిబుకు టీ పోస్తే మీ సారుకు కోపం తగ్గుతాదా? నీకు సదువు శానా ఎక్కువైందిరా' అంది. కానీ టీ పెట్టింది. బెల్లం రెండింతలు వేసి పెట్టింది.

ఆ తర్వాత వేసవి దాకా మా బడి గంట ప్రొద్దుటూరు దారిలో పోయే బండ్లవాళ్ళకు కూడా వినిపించేది. పెద్దసారు వరండాలో నిలబడి అందరితో మాట్లాడేవాడు. ఒకసారి డ్రిల్లు మాస్టరుతో చెడుగుడు గురించి వాదించి, కోటు విప్పి మరీ చూపించాడు. ఎప్పుడైనా కోపం వచ్చేది, రాకుండా ఎలా ఉంటుంది, ఆయనా మనిషే, నిజంగానే పై పన్ను పుచ్చింది కూడా. కానీ వచ్చిన కోపం వచ్చినంతలోనే పోయేది. దాన్ని పట్టుకుని పెంచేవాళ్ళు ఎవరూ లేరు. నాకు సీటు వచ్చింది. ఉద్యోగం నిలిచింది. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం ఆయన బతికుండగా చెప్పలేకపోయాను. అదొక్కటి నాకు బాకీ.

తర్వాత చాలా ఏళ్ళకు, ఎన్నో ఊళ్ళు తిరిగి, నేనే హెడ్మాస్టరునై పులివెందుల చేరాను. అప్పటికి నాకు ఇదంతా తెలుసు కదా అన్న ధీమా. నా ముఖం చూసి ఎవరూ భయపడకూడదు, నా వాకిలి దాకా వచ్చి ఎవరూ తిరిగి పోకూడదు అనుకున్నాను. గది తలుపు ఎప్పుడూ తెరిచే పెట్టాను. బడిలో అడుగు పెట్టినప్పటి నుంచి సాయంత్రం దాకా నవ్వుతూనే ఉన్నాను. తలనొప్పి ఉన్నా, ఇంట్లో మాట పట్టింపులున్నా, నాపరాళ్ళ వేడికి మెదడు ఉడుకుతున్నా, నవ్వే. ఒక రోజు వరండాలో స్తంభం చాటున వస్తుంటే ఇద్దరు కొత్త అయ్యవార్లు మాట్లాడుకుంటున్నారు. ఒకాయన చేతిలో సెలవు చీటీ. చెల్లెలి పురుడట, పొద్దుటి నుంచి పట్టుకుని తిరుగుతున్నాడు.

'ఈ పొద్దు ఇయ్యొద్దప్పా' అంటున్నాడు రెండో ఆయన. 'సారు శానా నవ్వుతాండాడు.'

నేను ఆ స్తంభం వెనకే నిలబడిపోయాను. నవ్వుతూ పోతే పాపం ఆ కుర్ర అయ్యవారి గుండె ఆగుతుంది. నవ్వకుండా పోతే, ఇంతసేపూ నవ్వినవాడు ఇప్పుడెందుకు మానాడని ఆగుతుంది. ఏ ముఖం పెట్టుకుని పోవాలో తెలియక, ఉన్న ముఖంతోనే పోయి, చెయ్యి చాపి చీటీ తీసుకుని, ఆ స్తంభానికే ఆనించి సంతకం చేసి ఇచ్చాను. నాలుగు రోజులు అడిగాడు, ఆరు రోజులు రాశాను. ఆయన దండం పెట్టి పోతూ పోతూ మూడుసార్లు వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

ఆ సాయంత్రం ఇంటికి పోయి మా ఆవిడను, నా నవ్వు అంత భయంగా ఉంటుందా అని అడిగాను. బియ్యం చెరుగుతున్న మనిషి చేట పక్కన పెట్టి, ఏదీ ఒకసారి నవ్వండి అంది. నవ్వాను. తల అటు వంచి, ఇటు వంచి, చాలాసేపు చూసింది. ఆనక మళ్ళీ చేట చేతిలోకి తీసుకుని, 'మీరు మామూలుగా ఉండండి, అంతే చాలు' అంది. రిటైరై పదేళ్ళు దాటింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ అద్దం ముందు నిలబడి ఆ మామూలు ముఖం ఏదా అని వెతుక్కుంటూ ఉంటాను. వెతికేకొద్దీ నవ్వొస్తుంది.